తోక ఉన్న కప్ప - 160 ఏళ్ళ యూజర్ మాన్యువల్

సాలమాండర్‌కి మన వాడుకలో పేరు లేదు. కప్పకి ఉంది, బోదురుకప్పకి ఉంది, గుడ్డులోంచి వచ్చిన పిల్లకి తోకకప్ప అని వేరే పేరు కూడా ఉంది. పెద్దయ్యాక కూడా తోక ఊడని, చూడ్డానికి బల్లిలా ఉండే, కానీ బల్లి కాని ఆ జంతువుకి మాత్రం లేదు. న్యూట్ అన్నా అదే కుటుంబం, కాస్త నీళ్ళ వైపు మొగ్గు ఎక్కువున్నది. ఇంటర్‌లో బైపీసీ వాళ్ళు యూరోడీలా అని చదువుకుని ఉంటారు. మనం ఎంపీసీ కాబట్టి అదీ లేదు :)

పేరు లేకపోవడానికి కారణం పెద్ద రహస్యమేం కాదు. ఆ జంతువు మన దగ్గర లేదు. మా జడ్చర్లలో తొలకరి పడిన రాత్రి చెరువు వైపు నుంచి వచ్చే గోల అంతా కప్పలదే. వానలు మొహం చాటేసిన ఏడు పిల్లలు రోకలికి కప్పని కట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయించే కప్పతల్లి ఆట పాలమూరు పల్లెల్లో చాలామందికి తెలుసు. అంటే ఉభయచరాలతో మనకి చుట్టరికం లేదని కాదు. తోక ఉన్న శాఖతోనే లేదు. సాలమాండర్లు ప్రధానంగా ఉత్తరార్ధగోళం జంతువులు. మన దక్కను ఉన్న నేల దక్షిణాన గోండ్వానా నుంచి విడిపోయి, సముద్రం దాటి వచ్చి ఆసియాకి గుద్దుకుంది. అప్పటికే ఇక్కడున్న కప్పలు, కాళ్ళు లేని సిసీలియన్లు ఇక్కడ మిగిలాయి. సాలమాండర్లు మాత్రం తూర్పు హిమాలయాల దాకా వచ్చి ఆగిపోయాయి. అక్కడి నుంచి ఇక్కడి దాకా రావాలంటే మధ్యలో ఎండ ఉంది. ఈ టపాలో అసలు విలన్ ఆ ఎండే.

ఇప్పుడెందుకీ గోల అంటే, ఎండ దాటి అవి ఇప్పుడు కొరియర్లో వస్తున్నాయి. 2021లో మైన్‌క్రాఫ్ట్‌లో యాక్సలోటల్‌ని పెట్టారు. గులాబీ రంగు ఒళ్ళు, మెడ దగ్గర పక్షి ఈకల్లాంటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మూతి. పిల్లలు దాన్ని ఆటలో చూశారు, బొమ్మల్లో చూశారు, తర్వాత నిజంది కావాలన్నారు. నగరాల్లో అక్వేరియం షాపులు, ఆన్‌లైన్ అమ్మకందార్లు ఊరుకుంటారా? కొన్నాక అందరూ చేసే పనే మనమూ చేస్తాం. ఎలా పెంచాలో వెతికి చదువుతాం. చల్లటి నీళ్ళు ఉండాలి, చేత్తో పట్టుకోకూడదు, ట్యాంకుని ముందే సైకిల్ చెయ్యాలి, రెండు జాతుల్ని కలపకూడదు, బయట వదలకూడదు అని పది రూల్సు కనిపిస్తాయి.

రూల్సు బావున్నాయి. ఇబ్బంది ఏంటంటే అవన్నీ గది ఉష్ణోగ్రత 20 డిగ్రీలుండే దేశాల్లో కూర్చుని రాసినవి. డాక్యుమెంటేషన్ వేరే ఎన్విరాన్‌మెంట్‌ది, మనం డిప్లాయ్ చేసేది జడ్చర్లలోనో కూకట్‌పల్లిలోనో. అలాంటప్పుడు రూల్ ఏంటి అని కాక, ఆ రూల్ ఎందుకొచ్చింది అని తెలిస్తేనే మన చోటికి తగ్గట్టు మార్చుకోగలం. పాత కోడ్‌లో ఒక వింత 'ఇఫ్' కండిషన్ కనిపిస్తే దాన్ని తీసేసే ముందు హిస్టరీ చూస్తాం కదా, ఇదీ అంతే. ఈ మాన్యువల్‌లో ప్రతి లైనూ ఒక బగ్ ఫిక్స్. ప్రతి బగ్‌కీ కొన్ని జంతువులు చచ్చిపోయాయి.

మొదటి కమిట్ 1864లో, పారిస్‌లో.

అంతకుముందు యాక్సలోటల్ మెక్సికో లోయలోని సరస్సుల జంతువు. అజ్టెక్‌లు దాన్ని తినేవాళ్ళు, తమ దేవుడి కథతో ముడిపెట్టుకున్నారు. 19వ శతాబ్దం మొదట్లో హంబోల్ట్ తెచ్చిచ్చిన చచ్చిన నమూనాలను చూసి క్యూవియే అంతటి వాడు ఇది ఇంకా పూర్తిగా ఎదగని పిల్లే అయ్యుంటుందని అనుమానించాడు. తేల్చాలంటే బతికున్నది కావాలి. మెక్సికోలో ఫ్రెంచి సైన్యం ఉన్న రోజుల్లో 34 యాక్సలోటళ్ళు ఓడెక్కి పారిస్ చేరాయి. వాటిలో 6 ఆగస్ట్ దుమెరిల్ అనే జంతుశాస్త్రవేత్త చేతికి 1864 జనవరిలో వచ్చాయి. ఆ ఆరింటిలో ఆడది ఒక్కటే.

1865లో అది గుడ్లు పెట్టింది. మొప్పలున్న 'పిల్ల' గుడ్లు పెట్టడమే ఒక వింత. ఆ గుడ్లలోంచి వచ్చిన వాటిలో కొన్ని ఆ ఏడే మొప్పలు పోగొట్టుకుని, ఒంటి రంగు మార్చుకుని, నేలమీద నడిచే సాలమాండర్లుగా మారిపోవడం ఇంకా పెద్ద వింత. అమ్మా నాన్నా మాత్రం మారకుండా నీళ్ళలోనే ఉన్నాయి. దుమెరిల్‌కి కారణం అంతుబట్టలేదు. కానీ ఆయన చేసిన మంచి పని ఒకటుంది. పిల్లల్ని యూరప్‌లో అడిగినవాళ్ళకల్లా, శాస్త్రవేత్తలకీ సరదాగా పెంచుకునేవాళ్ళకీ పంచిపెట్టాడు. ఓపెన్ సోర్స్ అన్నమాట. ఇవాళ ప్రపంచంలో ట్యాంకుల్లో ఉన్న యాక్సలోటళ్ళలో అత్యధిక భాగం పారిస్ వంశం. షాపుల్లో కనిపించే తెల్లరంగు కూడా అక్కడి నుంచి వచ్చిందే.

అప్పటికి ఇళ్ళలో గాజు ట్యాంకు పెట్టుకోవడం కూడా కొత్తే. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనశాస్త్రవేత్త నీటిమొక్కలు, చేపలు, నత్తలు కలిపి పెడితే నీళ్ళు మార్చకుండానే తొట్టి నిలబడుతుందని 1850లో చూపించాడు. అది నిలబడటానికి అసలు కారణాల్లో ఒకటి కంటికి కనిపించనిది. జంతువు విసర్జించే అమోనియా విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియాని వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో విడదీసి చూపించాడు. 'ట్యాంకు సైకిల్ చెయ్యడం' అంటే ఇదే. ఆ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడే దాకా నాలుగు నుంచి ఎనిమిది వారాలు జంతువు లేకుండా ట్యాంకు నడపడం. శనివారం ట్యాంకు, ఆదివారం యాక్సలోటల్ కొని తెచ్చుకునేవాడి ఇంట్లో ఆ ఎనిమిది వారాల విషం జంతువు ఒంటిమీదే నడుస్తుంది.

సరే, మళ్ళీ కథలోకి. దుమెరిల్ వదిలేసిన చిక్కుముడిని పట్టుకున్నది జర్మనీలో ఫ్రైబుర్గ్ ప్రొఫెసర్ వైస్‌మన్. యాక్సలోటల్‌ని కావాలని నేల జంతువుగా మార్చొచ్చా అన్నది ప్రశ్న. ఆయన చేతిలో అది కుదరలేదు. మారీ ఫన్ షోవాన్ అనే ఆవిడకి అప్పజెప్పాడు. యూనివర్సిటీ ఉద్యోగం లేని ఈవిడ 1870లలో ఏం చేసిందంటే, ముందు జంతువుల్ని బాగా తినిపించి బలంగా చేసింది. తర్వాత నీటి లోతుని రోజూ కొంచెం కొంచెం తగ్గిస్తూ, ఒక్కోదాన్ని విడిగా గమనిస్తూ, గాలి పీల్చక తప్పని స్థితికి తెచ్చింది. అవి మారాయి. థైరాయిడ్ సంగతి బయటపడటానికి ఇంకో నలభై ఏళ్ళ టైముంది. అంతకంటే ముందే ఆవిడ తేల్చిన సంగతి ఇంకోటుంది. తిండి, నీళ్ళు, ఓపిక కుదరకపోతే ప్రయోగం ప్రశ్నదాకా కూడా వెళ్ళదు, మధ్యలోనే చచ్చిపోతుంది. పేరు మోసిన ప్రొఫెసర్‌కి దొరకని ఫలితం ఆవిడకి దొరకడానికి కారణం ఆవిడ పెంపకమే. ఇవాళ్టి వాళ్ళకి దీన్లో ఇంకో పాఠం ఉంది. 'నేల మీదకి ఎలా వస్తుందో చూద్దాం' అని ఇంట్లో ఈ ప్రయోగం చెయ్యొద్దు. మారిన యాక్సలోటల్ చాలాసార్లు ఎక్కువ కాలం బతకదు.

అదే ఫ్రైబుర్గ్‌లో యాభై ఏళ్ళ తర్వాత న్యూట్‌లు జీవశాస్త్రాన్నే మలుపు తిప్పాయి. హిల్డె మాంగోల్డ్ అనే పీహెచ్‌డీ విద్యార్థిని ఒక న్యూట్ పిండం నుంచి చిన్న ముక్క తీసి, వేరే రంగు జాతి న్యూట్ పిండంలో అతికించింది. అక్కడ రెండో వెన్నెముక, దాదాపు రెండో శరీరం పెరిగింది. ఒక కణం ఏ అవయవం కావాలో పక్క కణాలు చెప్తాయని దాంతో తేలింది. పేపర్ 1924లో వచ్చింది. అదే ఏడు ఇంట్లో స్టవ్ ప్రమాదంలో ఆమె కాలిపోయి చనిపోయింది. వయసు 25. గైడు హాన్స్ స్పెమన్‌కి 1935లో నోబెల్ వచ్చింది.

ఈ కథ చాలాచోట్ల చెప్తారు. చెప్పని భాగం ఏంటంటే, ఆ ప్రయోగాల్లో పిండాలు ఎక్కువ భాగం చచ్చిపోయేవి. కోత పెట్టిన పిండానికి నీళ్ళే శత్రువు. అదే ల్యాబ్ నుంచి వచ్చిన యోహానెస్ హోల్ట్‌ఫ్రెటర్ 1931లో దానికో మందు కనిపెట్టాడు. మందంటే ఏమీ లేదు, నీళ్ళలో కొలత ప్రకారం నాలుగు లవణాలు. మామూలు ఉప్పు, పొటాషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్, వంటసోడా. దాంతో పిండాలు బతకడం మొదలైంది. ఉభయచరం చర్మం మన చర్మం లాంటిది కాదు. నీళ్ళూ లవణాలూ దాంట్లోంచి అటూ ఇటూ పోతుంటాయి. లవణాలు బొత్తిగా లేని నీళ్ళలో పెడితే ఒంట్లో లవణాలు బయటికి పోతాయి, వాటిని నిలబెట్టుకోడానికే జంతువు శక్తంతా ఖర్చవుతుంది.

నల్లగొండ, పాలమూరు వాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఫ్లోరైడ్ భయంతో మనం రెండు తరాలుగా నీళ్ళని అనుమానించి పెరిగాం. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉంది. ఇవాళ ప్రతి గల్లీలో ఫిల్టర్ నీళ్ళ క్యాన్లు, ఇంట్లో ఆర్వో మిషన్లు. కాబట్టి 'జంతువుకి కూడా మంచి నీళ్ళే పోద్దాం' అని ఆర్వో నీళ్ళు పోస్తాం. మన ప్రేమ నిజమే, కెమిస్ట్రీ తప్పు. ఆర్వో తీసేసేది సరిగ్గా హోల్ట్‌ఫ్రెటర్ కలిపిన వాటినే. యాక్సలోటల్‌కి కాస్త కఠిన జలమే నచ్చుతుంది. ఆర్వో నీళ్ళు వాడాల్సొస్తే లవణాలు తిరిగి కలపాలి. నల్లా నీళ్ళు వాడితే క్లోరిన్ తీసే మందు వెయ్యాలి, ఎందుకంటే క్లోరిన్ మొప్పల్ని, చర్మాన్ని, పైన చెప్పిన బ్యాక్టీరియాని మూడింటినీ దెబ్బతీస్తుంది. చేత్తో ముట్టుకోవద్దనే రూల్ కూడా ఈ చర్మం గురించే. మన చేతి మీద సబ్బు, సన్‌స్క్రీన్, దోమల మందు ఏదున్నా అది దాని ఒంట్లోకే పోతుంది.

ఇదే కాలంలో వియన్నాలో పాల్ కామరర్ అని ఒకాయన ఉండేవాడు. ఇంకెవ్వరి దగ్గరా బతకని సాలమాండర్లు, కప్పలు ఆయన దగ్గర తరాల తరబడి పెరిగేవి. వాటితో, జంతువు బతికుండగా నేర్చుకున్న లక్షణాలు పిల్లలకి వస్తాయని వాదించాడు. సరిచూద్దామంటే ఇంకొకళ్ళకి అసలు ఆ జంతువులు పెరగవే! 'నా మెషీన్‌లో పనిచేస్తోంది' అనే మాట మనకంటే ముందు వాడిన మనిషి. 1926లో ఆయన నమూనా కప్ప చేతి మీద నల్లటి మచ్చ ఇండియా ఇంకు అని బయటపడింది. ఇంకు ఎవరు పెట్టారన్నది ఇప్పటికీ వాదనే. కొన్ని వారాలకే ఆయన కాల్చుకుని చనిపోయాడు. దాని తర్వాత శాస్త్రం నేర్చుకున్నది ఏంటంటే, పెంపకం ఒక్కడి చేతివాటంగా మిగిలిపోకూడదు, ఎవరు చేసినా ఒకేలా వచ్చేలా రాసిపెట్టాలి. అమెరికాలో ఇండియానాలో మొదలైన యాక్సలోటల్ కాలనీ 2005లో కెంటకీ యూనివర్సిటీకి మారి ఇప్పటికీ నడుస్తోంది. ఇవాళ మనం చదివే నీటి లెక్కలు, తిండి లెక్కలు చాలావరకు ఇలాంటి కాలనీల నుంచి వచ్చినవే. 2018లో యాక్సలోటల్ జీనోమ్ చదివారు. 3,200 కోట్ల అక్షరాలు, మనిషి జీనోమ్‌కి పదింతలు.

మరి ఇంత బాగా పెంచడం నేర్చుకున్నాక సొంతూళ్ళో దాని పరిస్థితి ఏంటి? మెక్సికో సిటీ దగ్గర సోచిమిల్కో కాలవల్లో 1998 లెక్కల్లో చదరపు కిలోమీటరుకి 6,000 ఉండేవి. 2014కి అది 36. మురుగు, పెరిగిన నగరం, తెచ్చి వదిలిన కార్ప్, తిలాపియా చేపలు. 2021లో మెక్సికో 50 పెసోల నోటు మీద యాక్సలోటల్ బొమ్మ వేసింది. నోట్ల మీద ఉన్నవే ఎక్కువ, నీళ్ళలో ఉన్నవి తక్కువ.

ప్రొడక్షన్ సర్వర్ పోయినా బ్యాకప్‌లు బోలెడున్నాయిగా, రీస్టోర్ చేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. అల్బినో రంగు కోసం 1960లలో ల్యాబ్ వంశంలోకి టైగర్ సాలమాండర్ అనే వేరే జాతి రక్తం కలిపారు. పైగా మొదటి ఆరు జంతువుల నుంచి మొదలై దగ్గరి చుట్టరికాల్లోనే పెరిగిన వంశం. బ్యాకప్ కరప్ట్ అయ్యుంది, ఫార్మాట్ కూడా మారింది. ఇంట్లో యాక్సలోటల్ పెంచడం వల్ల జాతిని కాపాడుతున్నాం అనే మాట ఎవరైనా అమ్మేవాడు చెప్తే నమ్మకండి.

ఇప్పుడు మన దేశానికొద్దాం. మనకీ ఒక న్యూట్ ఉంది. డార్జిలింగ్, సిక్కిం, తూర్పు నేపాల్ కొండల్లో, నల్లటి గోధుమరంగులో, వీపు మీద రెండు వైపులా బుడిపెల వరసలతో ఉంటుంది. చలికాలం రాళ్ళ కింద, దుంగల కింద దాక్కుంటుంది, వానలు మొదలవగానే గుంటల్లోకి దిగి గుడ్లు పెడుతుంది. 1871లో జాన్ ఆండర్సన్ చైనాలోని యునాన్ నుంచి వర్ణించిన జాతే ఇదీ అని దాదాపు నూట నలభై ఏళ్ళు అనుకున్నారు. 2015లో అది వేరే జాతి అని తేల్చి టైలోటోట్రైటాన్ హిమాలయానస్ అని పేరు పెట్టారు. ఆ పేపర్ రాసినవాళ్ళలో ఒకరు కార్తికేయన్ వాసుదేవన్, మన హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ శాస్త్రవేత్త. అత్తాపూర్ మీదుగా రోజూ ఆఫీసుకెళ్ళే మనలో ఎంతమందికి తెలుసు, ఆ గోడ వెనక అంతరించిపోతున్న జంతువుల మీద పని జరుగుతోందని?

హైదరాబాద్ ముడి ఇంకోటి కూడా ఉంది. ఈ న్యూట్‌ని పెంచి, పిల్లల్ని చేయించే కార్యక్రమం నడిచేది డార్జిలింగ్ జూలో. 1958లో పెట్టిన ఆ జూ పేరు 1975 నుంచి పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. ఆవిడ మన హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడి కూతురు, 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నర్. ఆ పక్కనే జోర్‌పోఖ్రి దగ్గర కేవలం ఈ న్యూట్ కోసం 1985లో ఒక అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం 4 హెక్టార్లు. మన లెక్కలో పదెకరాలు. ఒక దేశానికి చెప్పుకోదగ్గ న్యూట్ ఒకటుంటే దానికి రాసిచ్చింది పదెకరాలు!

ఇది వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్న జంతువు. పట్టుకోవడం, ఇంట్లో పెంచడం నేరం. ఎవరైనా కొండల నుంచి తెచ్చిచ్చామంటే ఆ ముఖం కూడా చూడొద్దు. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు, కారణం పెంపుడు జంతువుల వ్యాపారమే.

ఆ వ్యాపారం ఏం చేసిందో నెదర్లాండ్స్‌ని అడగాలి. అక్కడ నల్లటి ఒంటి మీద పసుపు మచ్చలుండే ఫైర్ సాలమాండర్లు ఒక అడవిలో 2010 తర్వాత మూడేళ్ళలో 96 శాతం మాయమయ్యాయి. 2013లో ఆన్ మార్టెల్ బృందం కారణం కనిపెట్టింది. చర్మాన్ని తినేసే ఒక కొత్త ఫంగస్. 2014లో దాని పుట్టిల్లు ఆసియా అని తేలింది. ఆసియా న్యూట్‌లు లక్షల ఏళ్ళుగా దాంతో సర్దుకుని బతుకుతున్నాయి. పెంపుడు జంతువులుగా యూరప్ చేరాక, ఆ ఫంగస్ ఎప్పుడూ చూడని అక్కడి సాలమాండర్లు కూలిపోయాయి. అమెరికా 2016లో 20 ప్రజాతుల సాలమాండర్ల దిగుమతి ఆపేసింది. ఎవరో ఒకాయన సరదాగా కొనుక్కున్న న్యూట్, దాని ట్యాంకు నీళ్ళు, వాటి దారి ఒక అడవి దాకా పోయింది. కొత్త జంతువుని కొన్ని వారాలు విడిగా ఉంచాలి, ట్యాంకు నీళ్ళు కాలవలోకో చెరువులోకో పొయ్యకూడదు, విసుగొస్తే బయట వదలకూడదు అనే రూల్సు ఇక్కడి నుంచి వచ్చాయి.

'మన దగ్గర సాలమాండర్లే లేవుగా, మనకేంటి' అంటారేమో. కప్పలున్నాయి. కప్పల్ని చంపే అదే కుటుంబం ఫంగస్ ఇంకోటుంది, అది మన దేశంలోనూ ఉంది. దాన్ని పసిగట్టే పరీక్షని సీసీఎంబీ వాళ్ళు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2023లో తయారుచేశారు. మన కప్పల్ని మనం ఒకసారి అమ్ముకుని చూశాం కూడా. కప్ప కాళ్ళు టన్నుల కొద్దీ యూరప్, అమెరికాలకి ఎగుమతి చేసి, చివరికి 1987లో నిషేధించుకున్నాం. రెండో తప్పు సరదా పేరుతో చెయ్యక్కర్లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా. యాక్సలోటల్ కూడా సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నదే. ఇలాంటి విదేశీ జంతువులు ఇంట్లో ఉంటే స్వచ్ఛందంగా చెప్పమని 2020లో కేంద్రం అడిగింది. 2022 సవరణతో అది చట్టంలోకి వచ్చింది, 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. కొంటే కాగితాలు అడగండి. 'కాగితాలెందుకు సార్, అందరూ ఇలాగే కొంటున్నారు' అంటే ఆ షాపులోంచి బయటికి వచ్చేయండి.

ఇక విలన్ దగ్గరికి, అదే ఎండ. యాక్సలోటల్‌కి హాయి 16 నుంచి 20 డిగ్రీలు. 24 దాటి రోజుల తరబడి ఉంటే తిండి మానేస్తుంది, ఫంగస్ పడుతుంది. మే నెలలో జడ్చర్లలో బయట 40 దాటుతుంది, మేడ మీద ట్యాంకు నీళ్ళలో చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. మనకి తెలిసిన మందు రంజన్. మట్టి కుండ బయటికి చెమర్చి, ఆ తడి ఆరుతూ లోపలి నీళ్ళని చల్లబరుస్తుంది. ట్యాంకు మీద చిన్న ఫ్యాన్ పెట్టడం కూడా అదే సూత్రం. దీనికో హద్దుంది, తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించే వేడి. నీళ్ళు అంతకంటే చల్లబడవు. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న మే మధ్యాహ్నానికి లెక్కేస్తే ఆ హద్దు 23 దగ్గర వస్తుంది. వానాకాలంలో 30 డిగ్రీలు, 80 శాతం తేమకి లెక్కేస్తే 27! అంటే ఫ్యాను మేలో కాస్తో కూస్తో కాపాడుతుంది, జులైలో చేతులెత్తేస్తుంది. 'ఎండాకాలం గడిచిపోయింది, ఇక బాధ లేదు' అనుకున్న రోజే అసలు ప్రమాదం. కూలర్ వానాకాలంలో ఎందుకు పనిచెయ్యదో తెలిసిన మనకి ఇది కొత్త సంగతి కాదు, ట్యాంకుకి వర్తింపజేసుకోవడమే కొత్త.

ఏసీ గది వేరు. 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే ఆ హద్దు 17కి దిగుతుంది కాబట్టి ఏసీ, ఫ్యాను కలిస్తే నీళ్ళు 20 చుట్టుపక్కల నిలబడే వీలుంది. కాకపోతే ఏసీ ఇరవై నాలుగ్గంటలూ ఆడాలి, కరెంటు పోతే ఇన్వర్టర్ ఆ భారం మొయ్యాలి. లేదంటే అక్వేరియం చిల్లర్ కొనాలి, దాని ఖర్చు జంతువు ఖర్చుకి ఎన్నో రెట్లు. ఐసు బాటిళ్ళు వేస్తే గంటకో రకంగా వేడి మారుతుంది, అదీ జంతువుకి దెబ్బే. మిగతావన్నీ దీంతో పోలిస్తే సులువు. తిండికి ఎర్రలు, అదే వానపాములు, మందులు కొట్టని నేలలోవి. అడుగున గులకరాళ్ళు వద్దు, మింగేస్తుంది. సన్నటి ఇసుక అయినా వెయ్యాలి, ఖాళీగా అయినా వదలాలి. మొప్పల్ని చేపలు కొరుకుతాయి కాబట్టి తోడుగా చేపలు వద్దు.

ఇంకో లెక్క కూడా వెయ్యాలి. బాగా చూసుకుంటే ఇది పది, పదిహేనేళ్ళు బతుకుతుంది. మన ఉద్యోగాల్లో పదేళ్ళంటే మూడు కంపెనీలు, రెండు ఊళ్ళు, కుదిరితే ఒక ఆన్‌సైట్. ప్రాజెక్టు అయితే హ్యాండోవర్ చేసి వెళ్ళిపోతాం. జడ్చర్లలో ఉన్న అమ్మానాన్నల చేతిలో చిల్లర్ పెట్టి, అమోనియా టెస్ట్ కిట్ పెట్టి ఫ్లైటెక్కడం హ్యాండోవర్ కాదు, వదిలించుకోవడం.

పెంచొద్దని చెప్పడానికి ఇదంతా రాయలేదు. షోవాన్‌కి యూనివర్సిటీ లేదు, ఓపిక ఉంది. మనలోనూ అలాంటివాళ్ళు ఉంటారు. వాళ్ళకి నా సలహా ఒకటే. ముందు ఖాళీ ట్యాంకుని పెంచండి. ఫిబ్రవరిలో నీళ్ళు నింపి, ఫిల్టర్ పెట్టి, సైకిల్ చేసి, అయిదొందల రూపాయల థర్మామీటర్ ఒకటి వేసి, రోజుకి రెండుసార్లు అంకె రాసిపెట్టండి. ఏప్రిల్, మే, తర్వాత ఆ మోసగాడు జులై కూడా చూడండి. సెలవులకి ఊరెళ్ళిన వారం, కరెంటు పోయిన రాత్రి అంకె ఎంతుందో చూడండి. సెప్టెంబర్‌కి ఆ నోటుబుక్కులో 20 దాటిన రోజులు లేకపోతే అప్పుడు జంతువు గురించి ఆలోచించొచ్చు. దాటితే ఆ ట్యాంకులో నాలుగు గప్పీలు వేసుకోండి. గప్పీలకి మన ఎండంటే లెక్కలేదు.